ముప్పై ఎనిమిది డిగ్రీల సదానందం

కేసముద్రం మార్కెట్లో సదానందం సేటు ఎవరంటే జనం ఒక నిమిషం ఆలోచిస్తారు. నమూనా సదానందం అంటే మాత్రం హమాలీలు కూడా వేలు పెట్టి దుకాణం చూపిస్తారు. పత్తి బస్తాలో చెయ్యి దూర్చి, పిడికెడు లాగి, నలిపి, వెలుగుకు పట్టి చూస్తే తప్ప ఆయన బేరం మొదలుపెట్టడు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ముందు అరిసె విరిచి చూసి, ఆ తర్వాతే తన వైపు చూశాడని భార్య అహల్య ఇప్పటికీ అందరికీ చెబుతూ ఉంటుంది.

అలాంటి మనిషికి చేతిలో పని లేకుండా పోయింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతోంది. మార్కెట్ యార్డు మూతపడింది, బస్సులు బందయ్యాయి, రైళ్లు ఎక్కడివక్కడే నిలిచాయి, కరెంటు చుట్టపు చూపుగా వచ్చిపోతోంది. నలపడానికి పత్తి లేక సదానందం చేతులు దురద పెట్టాయి. ఆ దురద వెళ్లి వెళ్లి స్నానాల గది మీద పడింది.

ఇల్లు సదానందం తాత నిజాం కాలంలో కట్టించింది. రెండడుగుల మందాన డంగుసున్నం గోడలు, రంగుటద్దాల కిటికీలు, కింద షాబాద్ బండలు. స్నానాల గది ఒక్కటే నలుగురు కూర్చుని భోంచేసేంత ఉంటుంది. అందులో ఒక గోడకు ఆనుకుని అహల్య తల్లిగారింటి నుంచి వచ్చిన రాగి బాయిలరు ఉంది. దాని అడుగు జాలీ కాలిపోయింది, నల్లా కారుతుంది. రాగి, ఇత్తడి పని చేసే మరిపెడ కంచరాయన దగ్గరికి పంపి బాగుచేయిద్దామని అహల్య ఏళ్ల తరబడి అడుగుతోంది. మోయాలంటే నలుగురు కావాలి, తలుపు రెక్క ఊడదీయాలి. సదానందం ప్రతిసారీ "రేపు" అంటాడు.

సద్దుల బతుకమ్మకు తోడల్లుడు కేశవులు కుటుంబంతో హన్మకొండ నుంచి కారులో వస్తానని ఫోన్ చేశాడు. కేశవులు కొత్తింట్లో పైపులన్నీ గోడల లోపలే ఉంటాయి. కిందటిసారి ఇక్కడ బకెట్టు, చెంబుతో స్నానం చేసి వచ్చి, "సదానందం, మీ ఇంట్ల తానం జేస్తే మా తాత యాదికొచ్చిండు" అన్నాడు. ఆ మాట సదానందం గుండెలో ములుకులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఈసారి కేశవులు నోరెళ్లబెట్టాలి. అదొక్కటే ఆయన కోరిక.

నడుం విరిగేలా స్కూటరు తోలుకుంటూ హన్మకొండలో స్నానాల సామాన్లమ్మే పెద్ద దుకాణానికి వెళ్లాడు. అమ్మే కుర్రాడు షవర్లు వరసగా చూపించాడు. గోడలో దాచేవి కొన్ని, గోడ బయటే కనబడేవి కొన్ని. తళతళలాడే రంగు, పాత ఇత్తడి రంగు. చక్రం లాంటి పిడి, మీట లాంటి పిడి. ఒకదానికి టెలిఫోన్ లాంటిది తగిలించి ఉంది.

"మా తాత కాలంల ఊర్లె టెలిఫోనే లేకుండె. తానం కాడెందుకు?" అని సదానందం దాన్ని పక్కన పెట్టాడు. పాత ఇత్తడి రంగుదాన్ని చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు, గోటితో గీకాడు, వాసన కూడా చూశాడు.

"పాత ఇండ్లకు గిదే మంచిగుంటది సార్" అన్నాడు కుర్రాడు. "పైపులు బయటనే ఉంటయి, గోడ చెక్కే పనిలేదు, రెండు తూట్లు చాలు. గిది థర్మోస్టాట్ షవరు. ముప్పై ఎనిమిది మీద పెడితే నీళ్లు ముప్పై ఎనిమిది డిగ్రీల మీదనే వస్తయి. చన్నీళ్లు ఆగిపోతే వేడినీళ్లు గూడ దానంతటదే బందయితయి. ఒళ్లు కాలదు."

"అంటే పక్కన మనిషి నిలబడి వేడి చూసుకునే పనిలేదా?"

"ఎవ్వలూ అక్కర్లేదు సార్."

"జర ఒకసారి తానం జేసి చూడొచ్చా?"

కుర్రాడు కొయ్యబారిపోయాడు. నడిబజారు దుకాణంలో, అద్దాల గోడల మధ్య అంగీ గుండీలు విప్పుతున్న గిరాకీని అతను ఎన్నడూ చూడలేదు. లోపలి నుంచి యజమాని పరుగెత్తుకొచ్చి, నమూనాకు బొమ్మల పుస్తకం ఇచ్చి పంపించాడు.

ఆ పుస్తకం చూసి అహల్య కళ్లు పెద్దవి చేసింది.

"గిదేంది, పైపులన్నీ బయటికెల్లినయి? పని సగంల ఇడిసిపెట్టిపోయినట్టున్నది."

"గదే స్టైలు. పాత ఇంటికి పాతకాలపు పైపులు."

"మీ తాత కాలంల షవరెక్కడిది?"

"ఉంటే గిట్లనే ఉండేది."

"సరే, పెట్టుకోండ్రి. నా బాయిలర్ మాత్రం కదలొద్దు."

"మరెక్కడ పెట్టాలె? ఒక గోడకు కిటికి, ఒక గోడకు తలుపు, ఇంకో గోడకు గూళ్లు. మిగిలింది బాయిలర్ గోడనే."

"గది మీరే ఆలోచించుకోండ్రి. మా అవ్వ యాది గదొక్కటే నాకు. దాన్ని కదిలిస్తే ఊకునేది లేదు."

సదానందం ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ బాయిలరే ఎదురొచ్చింది.

సరిగ్గా అప్పుడే సమ్మె నడిపే ఊరి జేఏసీలో వంటావార్పు చూసుకునే ఎల్లేశ్ గుమ్మంలోకి వచ్చాడు. వంటావార్పు అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, ఆ రోజంతా రోడ్డును కదలకుండా చేయడం. ఇంటింటి నుంచీ బియ్యం, కట్టెలు, గిన్నెలు వస్తాయి. వచ్చిన గిన్నెల్లో సగం ఎవరింటికి తిరిగిపోతాయో దేవుడికే తెలియాలి. కిందటిసారి సదానందం ఇచ్చిన గంగాళం మూత ఇంతవరకూ రాలేదు.

"సేటూ, రేపు రైల్వేగేటు కాడ వంట. పెద్దది ఏమన్న ఉంటే ఇస్తవా?"

సదానందం మెదడులో దీపం వెలిగింది. అహల్య పక్కింట్లో ఉంది. "పెద్దదేంది ఎల్లేశ్, రాగి బాయిలరే తీస్కపో. ఊరందరికీ ఎసరు కాగుతది."

"అక్క ఏమన్న అంటదేమో?"

"తెలంగాణ కోసం ఇస్తుంటే ఏమంటది?"

ఎల్లేశ్ వెనక నలుగురు మనుషులు తయారుగా ఉన్నారు. తలుపు రెక్క ఊడదీయడానికి పానా కూడా వెంట తెచ్చుకున్నారు. పానా అవసరమని వీళ్లకెలా తెలిసిందని సదానందం ఆలోచించలేదు. బాయిలరు ట్రాక్టరెక్కి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

అహల్య వచ్చింది. ఖాళీ గోడను చూసింది. తెలంగాణ గురించి, త్యాగం గురించి సదానందం పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

"తెలంగాణ కోసమే గదా. పోనియ్యండ్రి" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఉప్పు తక్కువైందన్నందుకు వారం మాట్లాడని మనిషి, బాయిలరు పోతే ఇంతేనా? ఆమె అరిచి ఉంటే సదానందం హాయిగా అన్నం తినేవాడు. ఆ రోజు ముద్ద దిగలేదు.

అయినా పని ఆగలేదు. ప్లంబరు పోశయ్య వచ్చి జానెడు ఎడంగా రెండు తూట్లు పొడిచి షవరు బిగించాడు. పాత ఇత్తడి రంగు గొట్టం గోడ వెంట నిటారుగా లేచి, పైన జల్లెడంత మూతితో వంగింది. రంగుటద్దాల వెలుగు దాని మీద పడుతుంటే సదానందానికి నిజంగానే తాత గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. నీళ్లు కాగబెట్టడానికి గీజరు కూడా పెట్టించాడు. అది పెట్టిన గంటకు కరెంటు పోయింది. కేశవులు కారు వాకిట్లో ఆగినా మళ్లీ రాలేదు.

సదానందం వెనక్కి తగ్గలేదు. మిద్దె మీద డ్రమ్ము పెట్టించి, గీజరు గొట్టాన్ని దానికి కలిపించాడు. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి, బకెట్లతో మెట్లెక్కి తనే డ్రమ్ము నింపాడు. చన్నీళ్లకు పక్కన ట్యాంకు ఎలాగూ ఉంది.

"ముప్పై ఎనిమిది డిగ్రీలన్నా. చెయ్యి పెట్టి చూసే పనిలేదు. ఒళ్లు కాలే భయం అసలే లేదు" అని చెప్పి కేశవుల్ని లోపలికి పంపి, ఇంకో బకెట్టుతో మిద్దెక్కాడు.

కింద నుంచి కూనిరాగం వినిపించింది. సదానందం మనసు పొంగింది. అంతలో రాగం ఆగింది.

"సదానందం, నీళ్లు బందైనయి."

"బందయ్యుడేందన్నా, వేడినీళ్లు డ్రమ్ము నిండ ఉన్నయి."

"ఒక్క చుక్క పడ్తలేదయ్యా."

సదానందం చన్నీళ్ల ట్యాంకు మూత తీశాడు. అడుగు కనిపించింది. కరెంటు లేక మోటారు తిరగలేదు, ఉన్న నీళ్లు పొద్దుటి నుంచి బతుకమ్మ పూలు కడగడానికి అయిపోయాయి. చన్నీళ్లు ఆగితే వేడినీళ్లు కూడా బందయితయన్న కుర్రాడి మాట అప్పుడు చెవిలో మోగింది. షవరు చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

తలుపు తెరుచుకుంది. నెత్తి నుంచి మోకాళ్ల దాకా సబ్బు నురగతో, తువ్వాల చుట్టుకుని, కళ్లు మూసుకుని కేశవులు వాకిట్లోకి తడుముకుంటూ వచ్చాడు. గునుగు, తంగేడు పేరుస్తున్న ఆడవాళ్లు పూలు వదిలేసి తలో దిక్కుకు పారిపోయారు.

"ఒళ్లయితే కాలలేదు సదానందం, కండ్లు కాలుతున్నయి" అన్నాడు కేశవులు.

అహల్య చెంబుతో నీళ్లు పోసింది. కళ్లు తెరిచాక కేశవులు చుట్టూ చూసి, "బాయిలరుంటే గింత గోస లేకపోవు గదా. ఏదది?" అని అడిగాడు.

అహల్య మొహం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకోవడం సదానందం చూశాడు. తల్లి యాది అదొక్కటేనని చెప్పిన మనిషి. గొప్పకు పోయి దాన్ని తనే చేజేతులా రోడ్డు పాలు చేశాడు. వెంటనే స్కూటరు తీశాడు.

రైల్వేగేటు దగ్గర బాయిలరు లేదు. "మానుకోట రాస్తారోకోకు పోయింది సేటూ" అన్నారు. మానుకోట అనే మహబూబాబాద్ వెళితే కిచిడీ పెట్టి, జై తెలంగాణ అనిపించి, "మరిపెడకు పోయింది" అన్నారు. మరిపెడలో మళ్లీ కిచిడీ పెట్టి, "కంచరోళ్ల ఇంటికి చేరింది" అన్నారు.

సదానందం విస్తరి అక్కడే వదిలేశాడు. కంచరోళ్ల ఇంటికి పోయిందంటే కరిగించడానికే. దూరం నుంచే సుత్తి దెబ్బలు వినిపిస్తుంటే స్కూటరు స్టాండు వేయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తాడు.

"ఆపయ్యా, గది మా అత్త బాయిలరు. కరగబెట్టకు."

కంచరి వీరాచారి సుత్తి దించి వింతగా చూశాడు. "కరగబెట్టుడేంది సేటూ? కొత్త జాలీ ఏసిన, నల్లా మార్చిన. మీరు షవరు ముచ్చట తెచ్చినప్పుడే అహల్యక్క ఫోన్ జేసింది. మా సేటే నలుగుర్ని పెట్టి మోయిస్తడు, జర ఓపిక పట్టు అన్నది."

సదానందం అక్కడున్న పీట మీద కూలబడ్డాడు. ఎదురుగా బాయిలరు పెళ్లికూతురిలా మెరుస్తోంది. దానికి ఇంతకుముందు లేని రెండు గొట్టాలు కనిపించాయి.

"గివేంది?"

"మీ గోడ మీది షవరుకట. కింద నుంచి చన్నీళ్లు పోతయి, మీద నుంచి వేడినీళ్లు వస్తయి. అక్కనే చెప్పింది."

బాయిలరు జేఏసీ ట్రాక్టరు మీద, జెండాల మధ్య, డప్పులతో కేసముద్రం చేరింది. ఎల్లేశ్ అందరి ముందూ సదానందం మెడలో బంతిపూల దండ వేసి, ఇంటి బాయిలరును ఉద్యమానికి ఇచ్చిన పెద్దమనిషి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది అహల్య.

జనం పోయాక దండ తీసి చేత్తో పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "ఎల్లేశ్‌ను పంపింది నువ్వేనా?"

"అడుగుమని పంపిన. ఇచ్చింది మీరే."

"బాయిలర్ కదలొద్దంటివి?"

"కదలొద్దంటేనే గదా మీరు కదిలిచ్చేది. కదిలియ్యుమంటే ఇన్నేండ్ల నుంచి రేపంటున్నరు."

"మరి అన్న బాయిలరేదని అడిగినప్పుడు కండ్లెందుకు తుడుచుకున్నవు?"

"బావ గట్ల సబ్బుతోని వస్తుంటే నవ్వు ఆగుతదా?"

సదానందం దండను మేకుకు తగిలించాడు. బాయిలరు పోలేదన్న సంతోషం మాత్రం మొహంలో దాగలేదు.

బాయిలర్ని గోడ వెనక పెరట్లో ఎత్తైన గద్దె మీద నిలబెట్టారు. గొట్టం గోడలోంచి షవరుకు కలిసింది. కరెంటుతో పనిలేదు. ట్యాంకు నిండా ఉందో లేదో ముందే చూసుకుంటారు. గది అంతా పాతకాలపు అందంతో మెరిసిపోయింది. ఒక్కటే చిక్కు. నిప్పు చల్లబడితే షవరు ఎంత తిప్పినా ముప్పై ఎనిమిది రాదు. నిప్పు దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి.

తెల్లవారింది. సదానందం పెరట్లో పీట మీద కూర్చుని గొట్టంతో ఊదుతున్నాడు, కళ్లలోకి పొగ పోతోంది. లోపల అహల్య స్నానం చేస్తోంది. కిటికీ దగ్గర అహల్య అక్క హన్మకొండకు ప్రయాణమై నిలబడి, "మా ఇంట్ల గూడ గసుంటిదే పెట్టిస్తనంటున్నడు మీ బావ. ఎక్కడ దొరుకుతదే?" అని అడిగింది.

"షవరు హన్మకొండలనే దొరుకుతదక్కా" అన్నది అహల్య నీళ్ల కింది నుంచి. "థర్మోస్టాట్ మాత్రం దొరకదు. గది మా పెరట్ల కూసున్నది."

తర్వాత గొంతు కొంచెం పెంచి, "ఏందండి, ముప్పై ఆరుకు దిగింది. ఇంకో రెండు కట్టెలెయ్యండ్రి" అన్నది.

సదానందం కట్టెలు వేశాడు.