నూనె నిప్పు కాదు

ఆదివారం పొద్దున భువనగిరిలోని ఆ ఇంట్లో గొడవ ఒక పళ్ళెం గురించి. మిరపకాయ బజ్జీల పళ్ళెం తెచ్చి నాగేందర్ భోజనాల బల్ల మీద పెట్టాడు. బల్ల మీద కూతురు సుస్మిత గీసుకున్న పటం పరిచి ఉంది.

"బాపూ, అది కోట."

"కోటైతె ఏంది? నా ఇంట్ల బల్ల మీద నేను తినొద్దా?"

"తిను. కోట బయట తిను."

పళ్ళెం తీసేసరికి కోట నడుమ అరచేయంత నూనె మరక పడింది. నాగేందర్ భార్య స్వర్ణ పిండి చల్లి చూసింది. మరక పోలేదు.

పదింటికి సుస్మిత కాలేజీ స్నేహితులు జీనత్, గిరి ఆటకు వచ్చారు. జీనత్ కథ నడుపుతుంది. మిగతా ఇద్దరూ అందులో వీరులు. పాచికలు పడినదాన్ని బట్టి గెలుపులూ దెబ్బలూ. సుస్మిత ఏడాదిన్నరగా రుద్రాణి అనే వీరనారిని పెంచుకొస్తోంది. స్వర్ణ ఆ సేపంతా వంటింట్లో ఉంటుంది. నవ్వులు వినపడతాయి, ఎందుకు నవ్వారో తెలియదు. ఆ ఇంట్లో ఆమెను అడిగేవన్నీ 'ఫలానాది ఎక్కడుంది' అనే ప్రశ్నలే.

పటం మీద ఉన్నది కథలోనూ ఉండాలని, జీనత్ ఆ మరకను మసిలే నూనె గుంటగా ప్రకటించింది. సుస్మిత పాచిక వేస్తే ఒకటే పడింది. రుద్రాణి కాలు జారి నేరుగా అందులో పడింది.

"నాకేం గాదు. రుద్రాణి మెడల తాయెత్తు ఉంది గద, నిప్పు దెబ్బ తగల్దు," అంది సుస్మిత.

"నూనె నిప్పెట్లయితది?" అన్నాడు గిరి.

"మంట మీద పెడితెనే గద మసిలింది?"

పావుగంట వాదన తర్వాత జీనత్ వంటింటి వైపు తిరిగింది. "ఆంటీ, జర మీరు చెప్పుండ్రి. కాగిన నూనె నిప్పేనా?"

స్వర్ణ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. ఎవరైనా ఆమె అభిప్రాయం అడిగి ఎన్నాళ్ళయిందో. డిగ్రీలో చదివిన రసాయన శాస్త్రం గొంతుదాకా వచ్చింది. "కాదు. నిప్పు వేరు, వేడి వేరు. పొయ్యి బంద్ చేసినంక గూడ నూనె కాలుస్తది," అని మోచేతి మీది మచ్చ కూడా చూపించింది.

రుద్రాణి అక్కడికక్కడే చనిపోయింది. సుస్మిత తల్లితో మాట మానేసింది. "దయ్యమై రమ్మనురాదు," అని ఓదార్చబోయిన తండ్రితోనూ మానేసింది.

బుధవారం పక్కింటి బిక్షమ్మ వచ్చింది.

"మీ బిడ్డ ఏడ్సుకుంట ఫోన్ల చెప్తుంటె విన్న. ఎవరో ఆడపిల్ల నూనెల పడి పోయిందంట గద. ఎన్నేండ్లది?"

"ఏడాదిన్నర," అంది స్వర్ణ, అలవాటుగా సరైన లెక్కే చెబుతూ.

"అయ్యో, పసిగుడ్డు."

"గది పాచికల ఆట, బిక్షమ్మా."

"పాచికలాడుకుంట పిల్లను సూసుకోలేదా?"

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక, మర్నాడు పొద్దుగూకే వేళకు మూడిళ్ళ నుంచి అన్నం, పప్పు, చారు వచ్చాయి. ఎంత వివరిస్తే అంత ఎక్కువ వచ్చాయి.

ఆ మధ్యాహ్నమే, ఎవరూ లేని ఇంట్లో, స్వర్ణ ఆట నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. రెండువందల పన్నెండో పేజీలో దొరికింది: బల్ల దగ్గర కూర్చోనివారి మాట లెక్కలోకి రాదు. మూడుసార్లు చదువుకుంది. రుద్రాణి బతకాలంటే తన మాటకు విలువ లేదని తనే రుజువు చేయాలి. జీనత్‌కు ఫోన్ చేసింది.

"రూలు కరెక్టే ఆంటీ. గని మీరు గిప్పుడు గూడ బల్ల కాడ లేరు గద. గీ మాట గూడ లెక్కకు రాదు."

సుస్మితతో చెప్పిద్దామంటే, సుస్మిత ఆమె మాట వింటే కదా.

రాత్రి ముగ్గురూ పరామర్శ భోజనానికి కూర్చున్నారు. "బిక్షమ్మ పప్పు మంచిగుంది," అన్నాడు నాగేందర్. స్వర్ణ వడ్డించడం ఆపి కుర్చీ లాక్కుంది.

"ఆదివారం నేను గూడ ఆడుతున్న. ముందుగాల కూసుంట, కూసున్నంకనే రూలు చెప్త. రుద్రాణి లేస్తది. ఆట అయ్యేదాంక వంటింట్లకు రాను."

నాగేందర్ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత సుస్మిత మొదటిసారి తల్లి ముఖంలోకి చూసింది.

"ఆడితె ఆడు గని, కొత్తగ వచ్చినోళ్ళు ఒకటో లెవెల్ కాన్నుంచే మొదలువెట్టాలె."

ఇరవై రెండేళ్ళ కాపురంలో రెండో లెవెల్ చూసి ఎరగని స్వర్ణ దానికి అభ్యంతరం చెప్పలేదు.