ఉరిమితేనే మావారు కిందికి దిగుతారు

ఉరుములంటే భయపడి చెవులు మూసుకునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పిడుగంత పెద్దమనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు! నా కాపురం కాస్తో కూస్తో సజావుగా సాగుతోందంటే అది పిడుగు చలవే.

మావారికి అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. మేడ మీద గదిలో రేడియో, దానిపైన డాబా మీద ఆకాశాన్ని పొడిచే యాంటెన్నా. ఆఫీసు నుంచి రాగానే పైకెక్కి, ఏడు సముద్రాల అవతలి వాళ్లతో కబుర్లు మొదలుపెడతారు. ఏదో దీవిలో ఉండే ముసలాయన మోకాలి నొప్పి ఎంతవరకు తగ్గిందో మావారికి తెలుసు. మొన్న నేను పన్ను పీకించుకుని బుగ్గ వాచి కూర్చుంటే మాత్రం, "ఏంటి, ఒక్కదానివే తింటున్నావ్?" అన్నారు!

అలాంటి మనిషిని కిందికి దించగలిగేది ఎవరు? నేనా? ఆయన్ని కన్నతల్లా? మేఘం ఒక్కటే!

ఉరిమిందంటే చాలు, రేడియో నుంచి యాంటెన్నా వైరు పీకి, దాని కొసను గాజు సీసాలో పడేసి దిగివస్తారు. సీసా ఎందుకంటే, వాళ్ల సీనియర్లు అలాగే చేసేవారట. అది నా పంచదార సీసా. అయినా సంతోషంగా ఇచ్చేశాను.

ఇక ఆ వాన కురిసినంతసేపూ మా ఇంట్లో పండగే! అమ్మాయిని ఏ కాలేజీలో చేర్చాలో ఒక గాలివానలో తేల్చాం. వంటింటి గోడ చెమ్మ సంగతి ఇంకో జల్లులో తేలింది. మా అత్తగారైతే కిటికీ దగ్గరే కాపలా. "మబ్బేసిందే అమ్మాయ్! వాడు దిగగానే నా కళ్లాపరేషన్ మాటెత్తు, తెరిపిచ్చిందంటే మళ్లీ దొరకడు" అంటారు. ఎండాకాలమంతా ఆవిడ కన్ను మసకగానే ఉండిపోయింది పాపం.

ఇంతలో ఆయన రేడియో మిత్రుడొకాయన వచ్చాడు. మావారు యాంటెన్నాకు ఎర్తింగ్ అని చెప్పి ఒక వైరును కుళాయి గొట్టానికి చుట్టి ఉంచారు. చూడగానే ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది ప్లాస్టిక్ పైపు కదా బావా! దీనికి చుడితే ఎంత, మంచం కోడుకి చుడితే ఎంత?"

ఖండాంతరాల వాళ్లకు సలహాలిచ్చే మావారు తల గోక్కున్నారు. మర్నాడే పెరట్లో నా మొక్కలు పీకి రాగి కడ్డీలు దిగ్గొట్టారు. వైరు ఇంట్లోకి వచ్చేచోట పిడుగును నేలలోకి మళ్లించే అరెస్టర్ పెట్టారు. అన్నిటినీ మందపాటి రాగి పట్టీతో ఇంటి ఎర్తుకు కలిపేశారు. నా గుండెల్లో రాయి పడింది.

"అయితే అన్నయ్యగారూ, ఇక ఉరిమినా ఈయన పైనే ఉండొచ్చా?" అనడిగాను.

"అమ్మో, ఎంతమాట చెల్లెమ్మా! ఎర్తున్నా సరే, ఉరిమితే వైరు పీకి దిగాల్సిందే."

ఆయనకు రెండోసారి టీ ఇచ్చాను. బిస్కెట్లు కూడా!

నిన్న సాయంత్రం ఆకాశం దద్దరిల్లింది. ఆ అన్నయ్యగారు చెప్పినట్టే మావారు దిగివచ్చి కుర్చీలో కూర్చున్నారు. అత్తగారు ఆపరేషన్ మాటకు గొంతు సవరించుకున్నారు. నేను టీ కప్పు చేతికిచ్చి, "ఏవండీ" అన్నాను.

"ఒక్క నిమిషం" అన్నారు, సెల్‌ఫోన్ లోంచి తల ఎత్తకుండానే. మా పెరట్లో రాగి కడ్డీల ఫొటోలు ఆ దీవి ముసలాయనకు పంపుతున్నారు. అక్కడ కూడా ఉరుముతోందా అని ఎంతో ఆప్యాయంగా అడుగుతున్నారు. ఇక్కడ వాన వెలిసింది, టీ చల్లారింది, అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు.

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. పొద్దున్నే లైసెన్సు పరీక్షకు నేనూ దరఖాస్తు పెట్టాను. రేడియోలో ఎవరు పిలిచినా పలకడం వాళ్ల మర్యాదట. పిలిచింది సొంత భార్యే అయినా సరే పలకాలట, కనుక్కున్నాను!