అరచేతిలో స్తంభం

ఆ సోమవారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఇల్లాలు గీసిన కాగితం అత్తగారికి ఇవ్వాలి, అత్తగారు అది చూసి, బొటనవేలు విడిగా, మిగతా వేళ్ళన్నీ ఒకే సంచీలో పట్టే ఉన్ని చేతితొడుగులు అల్లాలి. ఇంటాయన గీసిన కాగితం మేస్త్రీకి ఇవ్వాలి, మేస్త్రీ అది చూసి పిల్లల డాక్టరమ్మ కొత్త క్లినిక్‌లో ముందు గదికి టైల్స్ పరచాలి. రెండు కాగితాలు, ఇద్దరు మనుషులు. ఇందులో పొరపాటుకి చోటెక్కడుందని మీరు అడగొచ్చు. ఉంది. భోజనాల బల్ల మీద ఉంది.

ఇంటాయన టైల్స్ కాంట్రాక్టరు. గ్రాఫ్ కాగితం మీద ఒక గడి అంటే ఆయనకి ఒక టైలు. ఇల్లాలు రెండు రంగుల ఉన్నితో టోపీలకీ చేతితొడుగులకీ డిజైన్లు గీస్తుంది. అదే గడి ఆవిడకి ఒక కుట్టు. కాగితాలు ఇద్దరివీ ఒకే కట్టలోవి. ఇంట్లో ఉన్న నీలం పెన్సిలు కూడా ఒక్కటే, దానికోసం రోజూ చిన్నపాటి యుద్ధం. డాక్టరమ్మ నీలం, తెలుపు టైల్సే కావాలంది. ఉన్ని దుకాణం యజమానురాలికీ ఆ రంగులే కావాల్సివచ్చాయి. ఇక దేవుడే దిగివచ్చినా ఆ రెండు కాగితాలనీ వేరుచేసి చెప్పాలంటే కళ్ళజోడు పెట్టుకోవాల్సిందే.

ఆ ఉన్ని దుకాణానికి వీధి వైపు పెద్ద అద్దం ఉంది. చలికాలం వచ్చిందంటే ఆ అద్దం వెనక ఒకే ఒక్క డిజైను పెడతారు, కింద గీసిన మనిషి పేరు రాస్తారు. ఆ చోటు కోసం ఇల్లాలు ఏళ్ళ తరబడి గీస్తోంది. ఈ ఏడు ఎదురెదురుగా చూసుకునే పిట్టలతో టోపీ గీస్తే యజమానురాలికి నచ్చింది. "జత చేతితొడుగులు కూడా చూశాక మాట ఇస్తాను. బుధవారం సాయంత్రం మీ ఇంటికే వస్తాను," అంది. అప్పటినుంచి ఇల్లాలికి అన్నం సహించడం లేదు.

"గడుల ఆటకి ఇంత కంగారేమిటోయ్?" అన్నాడు ఆయన కాఫీ తాగుతూ. "నా గడుల మీద జనం నడుస్తారు. నీ గడులు బీరువాలో పడుకుంటాయి."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది, గుచ్చుకున్నా పైకి కనపడనివ్వకుండా గబగబా బల్ల తుడిచింది. తుడవడానికి రెండు కాగితాలూ ఎత్తి, మళ్ళీ పెట్టింది. అంతే జరిగింది.

ఆయన బల్లకి ఇటువైపు ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ అటువైపుది తీసి అత్తగారి చేతిలో పెట్టింది. ఆఫీసుకి టైమైపోతోంది.

"అత్తయ్యా, ఈసారి సొంత తెలివి వద్దు. కాగితంలో ఎలా ఉంటే అలాగే. ఒక్క గడి తేడా రాకూడదు."

అత్తగారు మూతి ముడుచుకుంది. కిందటిసారి టోపీ బోసిగా ఉందని జాలిపడి నాలుగు పువ్వులు కలిపినందుకు పడిన చీవాట్లు ఆవిడ ఇంకా మర్చిపోలేదు. "నాకెందుకమ్మా తెలివి? ఖాళీ గడులున్న చోటేగా బొటనవేలు?"

"అవును. ఖాళీ ఎక్కడుంటే అక్కడే," అంటూ కోడలు చెప్పులేసుకుంది.

సరిగ్గా అదే సమయానికి వీధి చివర ఇంటాయన మేస్త్రీకి ఇదే పాఠం చెబుతున్నాడు. ఆ మేస్త్రీని అందరూ మట్టం అంటారు. నేల సమంగా ఉందో లేదో చూపించే రసమట్టం లేకుండా ఆయన మంచం మీద కూడా పడుకోడని చెప్పుకుంటారు. పని బంగారం, కానీ మనసుకి తోచింది చేసే గుణం ఉంది. ఎవరింట్లోనో గోడకి ఎర్ర టైలు ఒకటి అందం కోసం అతికించి, దాన్ని మళ్ళీ పీకాల్సివచ్చింది.

"నీ బుర్ర ఇంట్లో పెట్టి రా. కాగితమే నీ బుర్ర," అన్నాడు కాంట్రాక్టరు. వేరేచోట ఇంకో పెద్ద పని నడుస్తోంది. అటు వెళ్ళిపోయాడు.

మట్టం క్లినిక్‌లో కాగితం విప్పి చాలాసేపు చూశాడు. కాగితంలో గది ఒక చివర కోసుకుపోయి మొనదేలింది. నిండా పిట్టలు. అసలు గది మధ్యలో స్తంభం ఉంటే కాగితంలో దాని ఊసే లేదు, పక్కగా మాత్రం కొన్ని గడులు ఖాళీ. ఎందుకైనా మంచిదని ఫోన్ చేశాడు.

"సార్, ఖాళీ గడులున్నాయండి..."

"ఖాళీ అంటే వదిలెయ్యమని. చుట్టూ జాగ్రత్తగా రా." కాంట్రాక్టరు స్తంభం సంగతి చెబుతున్నాడు.

"అలాగే సార్. మూలలు..."

"మిగిలినచోట తెల్లవి వేసెయ్. ఇంకోసారి ఫోన్ చేశావంటే నేనే వచ్చి పరుస్తాను."

నేల మీద చతురస్రంగా చోటు వదిలారంటే అది నీళ్ళు పోవడానికే అని మట్టం అర్థం చేసుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఏ మేస్త్రీ అయినా అదే అనుకుంటాడు. ప్లంబర్ని పిలిపించాడు. ప్లంబరు నేల తవ్వి గొట్టం వేసి, పైన జాలీ బిగించాడు. జాలీ ఉన్నాక నీళ్ళు అటే పోవాలి, నీళ్ళు పోవాలంటే వాలు ఉండాలి. పుట్టి బుద్ధెరిగాక రసమట్టంలో బుడగని మధ్యనుంచి కదలనివ్వని మనిషి, ఆ రోజు గుండె రాయి చేసుకుని గది మొత్తాన్ని జాలీ వైపుకి వాల్చాడు.

ఇంటి దగ్గర అత్తగారి బాధ వేరే. చేతితొడుగు అంటే పైకి పోయేకొద్దీ సన్నబడాలి. ఈ కాగితంలో సన్నబడటం లేదు, దిండు గలీబులా తిన్నగా ఉంది. పిట్టలు లేవు. పోనీ మార్చిందేమో అనుకుంది. ఖాళీ గడులు మాత్రం నట్టనడుమ ఉన్నాయి. కోడలిని అడగబుద్ధయింది, కానీ పొద్దుటి చీవాటు గుర్తొచ్చింది. పైగా ఆవిడకి ఒక పట్టుదల ఉంది. సగం అల్లిన పని ఎవరికీ చూపించదు. సాయంత్రం కోడలు వచ్చేసరికి అంతా గలీబులో దూర్చి దాని మీద తల పెట్టుకునేది.

"ఎంతవరకొచ్చింది అత్తయ్యా?"

"కాగితంలో ఉన్నంతవరకు," అనేది అత్తగారు.

బుధవారం సాయంత్రం ఉన్ని దుకాణం యజమానురాలు చెప్పిన వేళకే వచ్చింది. ఇల్లాలు సెలవు పెట్టి, ఇల్లంతా సర్ది, పిట్టల టోపీని బల్ల మీద పెట్టి కూర్చుంది. అత్తగారు గలీబులోంచి చేతితొడుగుల జత తీసి టోపీ పక్కన పెట్టింది.

యజమానురాలు మర్యాదస్తురాలు. ఒకటి తీసి చేతికి తొడుక్కుంది. అరచేతి మధ్యలోంచి ఉన్ని బొటనవేలు నిటారుగా లేచి నిలబడింది.

"అల్లిక చాలా నీటుగా ఉందండీ," అందావిడ చివరికి. "నా బొటనవేలే ఇక్కడ లేదు."

ఇల్లాలు కాగితం లాక్కుని చూసింది. అంచున తలుపుకి వదిలిన సందు. మధ్యలో ఖాళీ గడులు. "అత్తయ్యా, ఇది చేతితొడుగు కాదు. మీ అబ్బాయి నేల. మధ్యలోది స్తంభం."

"నాకేం తెలుసే? ఖాళీ ఎక్కడుంటే అక్కడే అన్నావు."

ఇల్లాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ ఎదురుచూపు ఒక స్తంభం పాలైంది. "మరి మీరు గీసింది ఎక్కడుంది?" అని యజమానురాలు అడుగుతుండగానే ఫోన్ మోగింది.

"ఏమోయ్," అన్నాడు ఇంటాయన నీరసంగా. "క్లినిక్‌కి రాగలవా? నీ పిట్టలు ఇక్కడున్నాయి."

ముగ్గురు ఆడవాళ్ళూ బయల్దేరారు. యజమానురాలికి అది దుకాణానికి వెళ్ళే దారే. అత్తగారికి మాత్రం తన పరువు తీసిన కాగితానికి జోడీ ఎవరి దగ్గరుందో చూడాలని పట్టుదల.

క్లినిక్ ముందు గదిలో డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ముందు గదిలో జాలీ ఏమిటండీ? నా దగ్గరికొచ్చే పిల్లలు ఇక్కడ స్నానాలు చేస్తారా?" ఆవిడ మనవరాలి బంతి దానంతటదే దొర్లి జాలీ దగ్గర ఆగింది. మట్టం గోడకి ఆనుకుని రసమట్టాన్ని గుండెలకి హత్తుకున్నాడు. "నాకూ మనసొప్పలేదమ్మా. కాగితమే నీ బుర్ర అన్నారు సారు," అంటున్నాడు. కాంట్రాక్టరు తల దించుకుని పిట్టల్ని చూస్తున్నాడు.

"రేపే ప్రారంభం. ఈ రాత్రికి మొత్తం పీకించండి," అంది డాక్టరమ్మ.

మనవరాలికి ఈ గొడవతో పనిలేదు. ఒక పిట్ట మీంచి ఇంకో పిట్ట మీదికి దూకుతూ, మధ్యమధ్య సీసాలో పళ్ళరసం తాగుతూ, గిర్రున తిరిగి తిరిగి, ఆఖరికి తాగిందంతా సరిగ్గా స్తంభం పక్కనే కక్కుకుంది. క్లినిక్ ఊడ్చే ఆయా ఏ మాత్రం కంగారుపడలేదు. ఒక బకెట్ నీళ్ళు తెచ్చి గుమ్మరించింది. నీళ్ళు పిట్టల మీదుగా చల్లగా జారి, మొత్తం ఊడ్చుకుని జాలీలోకి వెళ్ళిపోయాయి. నేల అద్దంలా మిగిలింది.

ఆయా ఖాళీ బకెట్ వైపు చూసింది. పిల్లల డాక్టరు దగ్గర ముందు గది తుడవడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. "అమ్మా, ఇది పీకించారంటే నేను రేపట్నుంచి రాను," అంది శాంతంగా.

డాక్టరమ్మ బంతి తీసి మనవరాలికి ఇచ్చి, పీకించే మాట వదిలేసింది.

ఇల్లాలు ఇవేమీ చూడటం లేదు. ఉన్ని దుకాణం యజమానురాలు కనపడకపోయేసరికి, ఆవిడ వెళ్ళిపోయిందనుకుని దిగులుపడుతోంది. ఇంతలో పైనుంచి గొంతు వినిపించింది. ఆవిడ ఆ గదిలోంచే పైకి వెళ్ళే మేడ మెట్ల మధ్యలో నిలబడి కిందకి చూస్తోంది.

"ఇలా రండి ఒకసారి."

ఇల్లాలు మెట్లెక్కి చూసింది. మధ్యలో స్తంభం పోను, గదంత చేతితొడుగు. మొనదేలిన పైభాగం, ఎదురెదురుగా పిట్టలు, బొటనవేలు దాని చోట్లో అది. తను గీసింది తనకే మొదటిసారి పూర్తిగా కనపడింది.

"నా అద్దం ముందు ఎవరూ ఆగరండీ," అంది యజమానురాలు. "నడుస్తూ నడుస్తూ చూస్తారు. చేతిలో పట్టుకుంటే అన్ని డిజైన్లూ బాగానే ఉంటాయి, దూరంనుంచి చూస్తే ముక్కాలుపాళ్ళు మసకే. ఇంత దూరానికి మీ పిట్టల కళ్ళు కూడా తెలుస్తున్నాయి. ఈ చలికాలం నా అద్దం మీకే. జత అల్లించి పంపండి, బొటనవేలు పక్కకి."

ఇల్లాలు ఏడ్చేసింది. ఈసారి దాచుకోలేదు. ఇంటాయన మెట్ల కింద నిలబడి, మేస్త్రీ వింటున్నాడని తెలిసి కూడా అన్నాడు. "ఆట ఆట అని నిన్ను చాలా అన్నానోయ్. నేను గీసిన నేల వేసుంటే ఈవిడ మెట్లెక్కి చూసేది కాదు."

ఆ చలికాలం అద్దం వెనక పిట్టలు వెలిశాయి, కింద ఇల్లాలి పేరుంది. క్లినిక్‌లో ఆవిడ గడుల మీద పిల్లలు రోజూ నడుస్తున్నారు. ఇంటాయన గడులేమో బీరువాలో పడుకున్నాయి, ఉన్ని రూపంలో. కొన్నాళ్ళకి అత్తగారు వాటిని బయటికి తీసి, కాగితం మాట విని తిట్లు తిన్న ఇంకో మనిషి ఉన్నాడుగా అని మట్టానికి ఇచ్చేసింది. చలి పొద్దుల్లో ఆయన అవి తొడుక్కునే పనిలోకి వస్తున్నాడు.

బొటనవేలు మధ్యలో ఉంటే టైలు జారదట.