మెకానిక్ ఎదుట బుద్ధిగా ఉండే లారీ

తాళం తిప్పగానే స్టార్టయ్యే బండి ఉన్నవాళ్లను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్ల బతుకులో భక్తి లేదు, వ్యాయామం లేదు, ఇరుగుపొరుగుతో మాటామంతీ లేదు!

ఎనిమిది నెలలు ఆ మూడు భాగ్యాలూ అనుభవించినవాడిగా చెబుతున్నాను, వినండి. నా పేరు వైకుంఠం, ఉండేది శాలిబండ. నాకో పద్దెనిమిదేళ్ల చిన్న లారీ ఉంది. అఫ్జల్‌గంజ్‌లో నందకిశోర్ సేఠ్ గోదాము నుంచి పప్పులు, ఎండుమిర్చి బస్తాలు దుకాణాలకు చేరవేస్తుంటాను. ఇరవై రెండేళ్లుగా ఆయన కిరాయే మా ఇంటి పొయ్యి వెలిగిస్తోంది.

పూర్తిగా చెడిపోయిన బండి ఎవరికైనా ఉంటుంది. అందులో గొప్పేముంది? నాది అలాంటిది కాదు. వారంలో ఐదు రోజులు బ్రహ్మాండంగా స్టార్టయ్యేది. మిగతా రెండు రోజులు తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. ఆ రెండు రోజులు ఏవో మాత్రం ముందుగా చెప్పేది కాదు.

దీనివల్ల మొదటి లాభం భక్తి. తాళం పెట్టేటప్పుడు నేను ఏడుకొండలవాణ్ణి తలచుకునేవాణ్ణి. పక్కింటి షౌకత్ బీ తన గుమ్మంలోంచే బిస్మిల్లా అనేది. ఆవిడకు డెబ్బై ఏళ్లుంటాయి, సందంతటికీ పెద్దదిక్కు. “నజర్ తాకింది బేటా, గట్ల జూస్తవేంది, నిమ్మకాయ కట్టు” అని చెప్పి, నా మీద నమ్మకం లేక తనే కట్టింది. ఆగినప్పుడల్లా ఇంకో దండ కట్టింది. చివరికి ట్రాఫిక్ పోలీసు నన్ను ఆపి, కూరగాయల బండికి ఈ టైములో పర్మిషన్ లేదన్నాడు!

ఇక వ్యాయామం. జిమ్ముకు ఫీజు కట్టి ఇనుప ముక్కలు ఎత్తేవాళ్లారా, మా సందుకు రావలసింది మీరు. పొద్దున ఏడింటికి పాలవాడు, పేపరువాడు, పక్కింటి అల్లుడు, అందరూ కలిసి లారీని తోసేవారు. మా సందులో షుగరున్నవాళ్లందరికీ షుగరు తగ్గింది. కొత్తగా పుట్టిన కూతుర్ని చూసిపోదామని వచ్చిన ఆ అల్లుడు నడుము పట్టేసి, మరో పది రోజులు అత్తగారింట్లోనే ఉండిపోయాడు. అత్తాఅల్లుళ్ల అనుబంధం కూడా బలపడిందన్నమాట.

భూగోళశాస్త్రం మాటేమిటి? పాతబస్తీలో ఏ రోడ్డు ఎటు వాలి ఉందో నన్నడగండి. నేను బండిని ఉతారు మీద తప్ప నిలిపేవాణ్ణి కాదు. తోసే మనిషి లేకపోయినా దానంతటదే దొర్లి స్టార్టయ్యేది కదా! ఎవరైనా పెళ్లిపత్రిక ఇస్తే ముహూర్తం చూడకుండా, ఫంక్షన్ హాలు ముందు రోడ్డు చదునుగా ఉందా, వాలుగా ఉందా అని అడిగేవాణ్ణి. ఒకసారి చదును చోట తప్పక వెళ్లాల్సి వచ్చింది. ఇంజన్ ఆపకుండా బయట నిలిపి, లోపలికి పరిగెత్తి అక్షింతలు వేసి, అదే పరుగున వచ్చేశాను. అక్షింతలు పెళ్లికొడుకు మీద పడ్డాయో, ఫొటోగ్రాఫర్ మీద పడ్డాయో నాకు తెలియదు.

ఇల్లు మారుతున్నాం, బండి ఒక్కపూట ఇవ్వవా అని అడిగే చుట్టాలు మాయమయ్యారు. ఒక దొంగ ఎత్తుకెళ్లాడు కూడా! రెండు సందుల అవతల ఆపాడు, మళ్లీ స్టార్ట్ కాలేదు. బండిని వదిలేసి, తన స్క్రూడ్రైవర్‌ను కూడా సీటు మీద మరిచిపోయి వెళ్లాడు. ఏ ఇన్సూరెన్స్ ఇస్తుందండీ ఇంత భద్రత?

ఇన్ని సుగుణాలున్న బండికి ఒకే ఒక్క చిన్న అలవాటు ఉండేది. మెకానిక్ ఎదుట అది చాలా బుద్ధిగా ఉండేది.

మా మెకానిక్ షఫీఉద్దీన్ యాకుత్‌పురాలో ఉంటాడు. పనిమంతుడు. పొద్దున్నే ఫోన్ చేస్తే చేతిలో పని వదిలేసి స్కూటర్ మీద వచ్చేవాడు. వచ్చి తాళం తిప్పితే లారీ భుర్రున లేచేది! “ఏంది వైకుంఠం భాయ్, గాడీ మస్తుగున్నది. పొద్దుపొద్దుగాల మజాక్ జేస్తున్నవా?” అనేవాడు. అయినా నా మనసు నొప్పించడం ఇష్టంలేక ఒకసారి బ్యాటరీ మార్చాడు, ఒకసారి సెల్ఫ్ మార్చాడు, ఇంకోసారి తాళం పెట్టే స్విచ్చే మార్చాడు. కొత్త సామాన్లతో నా లారీ ఇంకా దర్జాగా ఆగిపోయేది.

షఫీ మజాక్ అన్నాడు, నందకిశోర్ సేఠ్ మాత్రం ఆ మాటతో సరిపెట్టలేదు. “నీకు లేవబుద్ధి గాని దినమే బండి ఖరాబైతదా వైకుంఠం? ఇంకొక్కపారి గిట్ల జెప్తే వేరే బండి మాట్లాడుకుంట” అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయనతో ఒక్క అబద్ధం ఆడలేదు నేను. నిజంగా ఏడుపొచ్చింది. కిరాయి పోతుందన్న భయం ఒకటైతే, నా మాటకు విలువ లేకుండా పోయిందన్న బాధ దానికి పదింతలు.

ఒక సోమవారం సేఠ్ స్వయంగా మా సందుకు వచ్చాడు, నా నాటకం కళ్లారా చూడడానికి. తాళం తిప్పాను. మొదటి తిప్పుకే లేచింది! సేఠ్ నా పక్కన ఎక్కి కూర్చున్నాడు.

మూసీ వంతెన మీద జామ్. సేఠ్ విసుగ్గా, “బంద్ జెయ్ ఇంజన్, డీజిల్ దండగ” అన్నాడు.

“సేఠ్, బంద్ జేస్తే మల్ల లేస్తదో లేదో…”

“నా ముంగట నీ కతలు జెప్పకు. బంద్ జెయ్!”

బంద్ చేశాను. జామ్ కదిలింది. తాళం తిప్పాను. టక్!

ఆ చప్పుడు అంత తీయగా ఏనాడూ వినిపించలేదు. వెనక వందమంది హారన్లు కొడుతుంటే, తెల్ల లాల్చీలో నందకిశోర్ సేఠ్ కిందికి దిగి, దారిన పోయేవాళ్లతో కలిసి నా లారీని అఫ్జల్‌గంజ్ దాకా తోశాడు. అక్కడ గాని ఇంజన్ అందుకోలేదు. అద్దంలో చూసుకుంటూ స్టీరింగ్ తిప్పాను. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది.

గోదాము దగ్గర కొండల్ అనే దుకాణదారు గంటన్నరగా సరుకు కోసం కాచుకున్నాడు. సేఠ్ రొప్పుతూ బండి స్టార్ట్ కాలేదని చెప్పాడు. కొండల్ నమ్మక, తనే ఎక్కి ఇంజన్ ఆపి మళ్లీ తాళం తిప్పాడు. భుర్రున లేచింది! ఎనిమిది నెలలుగా సేఠ్ నన్ను ఎలా చూశాడో, కొండల్ సేఠ్‌ను అలాగే చూశాడు.

“అబద్ధం జెప్తున్ననా నేను? నా కండ్లతోని జూసిన!” అని సేఠ్ మొత్తుకున్నాడు. వెంటనే షఫీకి ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. సేఠ్ చూశాడు కాబట్టి, ఇక జబ్బు నిజమే!

మర్నాడు షఫీ పానాలు గాక, కరెంటు అందుతోందో లేదో చూసే ఒక చిన్న బల్బు, రెండు వైర్లు తెచ్చుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు. “నేను వచ్చినప్పుడు అది ఆగదు. గందుకే అది ఆగేదాంక నేను దిగ” అన్నాడు. పొద్దంతా నాతో తిరిగాడు. సాయంత్రం నాలుగింటికి టక్ మంది. దిగి, బల్బు పెట్టి అక్కడా ఇక్కడా చూసి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు బిగించిన ఒక వైరు తుప్పుతో వదులైందని కనిపెట్టాడు. గీకి బిగించాడు. రెండు నిమిషాల పని.

ఇంటికి వెళ్లి మా ఆవిడ గోదాకు ఈ విజయగాథ అంతా వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

“బండికి పెయ్యి బాగలేదంటే పొద్దంత పక్కన గూసున్నరు. మంచిదే” అంది. “నాకు నాలుగు నెలల సంది లేసి నిలబడితె కండ్లు తిరుగుతున్నయి. ఒక్కపారి డాక్టర్ తానికి తోల్కపొయిన్రు. ఆడ తిరుగలె. ఏం లేదు, ఊకె ఫికర్ జేస్తున్నవ్ అన్నరు మీరు.”

నేనే అన్నాను. తిరిగొచ్చే దారిలో, ఉతారు వెతుక్కుంటూ అన్నాను. సేఠ్ నన్ను ఏ మాట అన్నాడని ఏడ్చానో, ఆ మాటే ఇంట్లో నేను అన్నాను. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టర్ బీపీ చూశాడు, నాడి చూశాడు. “అంతా నార్మలే. ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయా?” అన్నాడు. లేదంది గోదా. తర్వాతివాళ్లను పిలవడానికి ఆయన బెల్లు మీద చెయ్యి వేశాడు. లేవబోతున్న గోదాను భుజం పట్టి కూర్చోబెట్టాను.

“సార్, ఇది వచ్చిపోయే రకం. గిప్పుడు లేదంటే అసలుకే లేదని గాదు. అది వచ్చేదాంక మేం ఈడనే గూసుంటం. అన్నం గూడ కట్టుకొచ్చినం.”

డాక్టర్ మా ఇద్దర్నీ చూశాడు, ఒళ్లో ఉన్న టిఫిన్ క్యారియర్‌ను చూశాడు. బెల్లు మీంచి చెయ్యి తీసి పెన్ను పట్టుకున్నాడు.

“మొదటిసారి ఎప్పుడొచ్చిందమ్మా? అప్పుడేం చేస్తున్నారు?”

గోదా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ వివరాలన్నీ డాక్టర్‌తో పాటు నేను కూడా మొదటిసారి విన్నాను.