ఆర్కిడ్‌కు గృహచికిత్స

ఒక రాష్ట్రం ఎంత ముందుకు పోయిందో తెలియాలంటే దవాఖానలూ బడులూ చూడనక్కర్లేదు, ఆఫీసు వరండాలోని పూలకుండీలు చూస్తే చాలునని పెద్దలెవరూ చెప్పలేదు. అందుకే మహబూబ్‌నగర్‌లోని అలంకార మొక్కల పునరుజ్జీవన విభాగం ఆ మాట తానే చెప్పుకోవలసి వచ్చింది.

ఏదో ప్రారంభోత్సవానికి బెంగళూరు నుంచి ఊదారంగు ఆర్కిడ్లు తెప్పించారు. అతిథులు పోయారు, పూలు రాలాయి, వడలిన మొక్కలు మిగిలాయి. పారేద్దామంటే ప్రభుత్వ ఆస్తి. (ప్రభుత్వ ఆస్తి దానంతటది పాడైపోవచ్చు గానీ, ఎవరూ దాన్ని పారేయకూడదు.) కాబట్టి కాంట్రాక్టు ఉద్యోగులు తలా ఒక మొక్కను ఇంటికి తీసుకుపోయి బాగుచేయాలనీ, సమీక్ష నాటికి కొత్త చిగురు వేయించినవారి కాంట్రాక్టు మాత్రమే పొడిగిస్తామనీ ఉత్తర్వు వచ్చింది. పర్మనెంటు ఉద్యోగులకు మొక్కలివ్వలేదు. వాళ్ల దగ్గర మొక్క చచ్చినా బతికినా పొడిగించడానికి ఏమీ లేదు గదా.

కంప్యూటర్ ఆపరేటర్ స్వరూపకు రెండాకుల మొక్క దక్కింది. భర్త పోయాక ఆమె, అత్త భద్రమ్మ ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు. ఇంటి కిరాయీ, భద్రమ్మ షుగరు గోలీలూ ఇప్పుడు ఆ రెండాకుల మీద పడ్డాయి.

చికిత్సా విధానాన్ని విభాగాధిపతి విజేందర్ స్వయంగా రూపొందించాడు. కుండీ నిండా నల్లరేగడి మట్టి, పైన గొర్రె ఎరువు, పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్లు. పోస్తున్నప్పుడు ఫోటో తీసి విభాగం యాప్‌లో ఎక్కించాలి. అందులో మొక్క, మనిషి, నీళ్ల ధార మూడూ కనబడాలి. ధార కనబడకపోతే ఎర్ర గుర్తు.

"కరువు జిల్లల పుట్టినోళ్లం. మొక్కకు నీళ్ల కన్న ఇంకేం గావాలె?" అన్నాడాయన శిక్షణా తరగతిలో. అందరూ చప్పట్లు కొట్టారు. (తరతరాలుగా వాన కోసం మొగులు వంక చూసి బతికిన గడ్డ మీద, నీళ్లెక్కువైతే ప్రమాదమని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?)

స్వరూప శ్రద్ధగా పోసింది. ఆకులు అంతే శ్రద్ధగా పసుపెక్కాయి.

"గన్ని నీళ్లు తాగి గూడ గట్లెందుకు వాడిపోతాంది బిడ్డా?" అంది భద్రమ్మ.

స్వరూపకు భయం పట్టుకుంది. కుండీ బోర్లించి చూస్తే వేర్లు కుళ్లి చేతికి జిగురుగా అంటుకున్నాయి. పాలమూరు జిల్లాలో నీళ్లెక్కువై చస్తున్న తొలి ప్రాణి బహుశా అదే. ఫోన్లో వీడియోలు వెతికి చూస్తే తెలిసింది, ఈ జాతి మొక్క అడవిలో చెట్టు బెరడును పట్టుకుని గాలికి బతుకుతుందనీ, దానికి మట్టే అక్కర్లేదనీ. కుళ్లిన వేర్లు కత్తిరించి, కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దింది.

"బిర్యానిల ఏసేదే గద అది! మొక్కను వండుతవా ఏంది?"

"బూజు పట్టకుంట అత్తమ్మా. జర చూడు నువ్వు."

ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులూ ఇటుక ముక్కలూ కుండీలో పోసి, వాటి మధ్య మొక్కను నిలబెట్టి, తూర్పు కిటికీ దగ్గర నీడపట్టున పెట్టింది. బొగ్గులు ఆరిన తర్వాతే మళ్లీ తడిపేది. కొన్ని వారాలకు ఆకుపచ్చ మొనతో కొత్త వేరొకటి బయటికొచ్చింది, ఆ వెనకే లేత ఆకు. స్వరూపకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. భద్రమ్మ మొక్కకు దిష్టి తీసింది.

యాప్‌కు ఇవేవీ పట్టలేదు. ధార లేని ఫోటోలకు వరసగా ఎర్ర గుర్తులు పడ్డాయి.

"ఫికర్ జెయ్యకత్తమ్మా. చిగురు కండ్ల ముంగటనే ఉన్నది. వాళ్లు చూడరా?" అంది స్వరూప. మొత్తం వ్యవహారంలో ఆమె చేసిన తప్పు ఇదొక్కటే.

సమీక్ష రోజున కమిటీతో కూర్చున్న విజేందర్ మొదట యాప్ చూశాడు, తర్వాత మొక్కను చూశాడు.

"మొక్క మంచిగనే ఉన్నదమ్మా. గదే అనుమానం."

"కుళ్లిన వేర్లు తీసేసి బొగ్గులల్ల పెట్టిన సార్. గిది చూడుండ్రి, కొత్త ఆకు."

"మట్టి లేదు, ఎరువు లేదు, నీళ్లు పోసినట్టు ఫోటో లేదు. మరి ఎట్ల బతికింది?"

కమిటీ లోతుగా ఆలోచించింది. సంరక్షణ లేని మొక్క బతకదు. బతికిందంటే అది ఆ మొక్క కాదు. కాదంటే, ప్రభుత్వ మొక్కను మార్చేసినట్టే. స్వరూప కాంట్రాక్టు పొడిగించడం లేదని అక్కడే చెప్పేశారు. భద్రమ్మకు ఏమని చెప్పాలో తోచక ఆమె గోడ పక్కన నిలబడిపోయింది.

తర్వాత ఆమె పక్కసీటు దివాకర్ వంతు. అతని కుండీలో బురద తప్ప ఆకూ లేదు, వేరూ లేదు. ఫోటోలకు మాత్రం అన్నీ ఆకుపచ్చ గుర్తులే. "చికిత్స సంపూర్ణం. మొక్క సహకరించలేదు" అని నమోదు చేసి, చిగురు నిబంధన సడలించి, అతని కాంట్రాక్టు పొడిగించారు.

స్వరూప తెచ్చిన మొక్క ప్రభుత్వానిది కాదని తేల్చిన కమిటీయే దాన్ని ప్రభుత్వ ఆస్తిగా స్వాధీనం చేసుకుని, ఇకపై సంరక్షణను దివాకర్‌కు అప్పగించింది. బొగ్గులు తీసేసి నల్లమట్టి నింపారు. దివాకర్ చెంబెత్తాడు. విజేందర్ ఫోన్ తీశాడు.

"తమ్మీ, గన్ని నీళ్లు పొయ్యకు. చచ్చిపోతది," అంది స్వరూప.

"నాకెర్కనే అక్కా," అన్నాడు దివాకర్ మెల్లగా. "జర పక్కకు జరుగు. ఫోటోల నువ్వు పడుతున్నవ్."