గీత పడని బానెట్

ఆదివారం పొద్దున వెల్డరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు ఎనిమిదింటికి నడకకు వెళ్తారు, పదింటికి వస్తారు. ఈలోగా ఆయన కారు బానెట్ మీద ఫైబర్‌గ్లాసుతో అచ్చు తీసుకోవాలి, కారు తుడిచేయాలి, ఏమీ ఎరగనట్టు కూర్చుని కాఫీ తాగాలి.

అవసరం అలాంటిది. నాలుగేళ్లుగా షెడ్డులో తయారవుతున్న అతని స్పోర్ట్స్ కారుకు ఇంజనుంది, చక్రాలున్నాయి. ఒంటి మీద గుడ్డ మాత్రం లేదు, బానెట్‌తో మొదలుపెట్టి బాడీ అంతా చేసుకోవాలి. షెడ్డేమో మామగారిది. "రేపు మధ్యాహ్నానికల్లా బండికి ఒక్క భాగమైనా చూపించు అల్లుడూ. లేదా షెడ్డు ఖాళీ చెయ్. చదువెలాగూ అబ్బలేదు, పనైనా అబ్బిందో లేదో తేలిపోవాలి" అని నిన్ననే చెప్పేశారు. తన కారుకు ముప్పై ఏళ్లలో ఒక్క గీత పడలేదని కూడా ఆయన చెబుతుంటారు, రోజుకోసారి. దాన్ని అల్లుణ్ణి వేలితోనైనా ముట్టుకోనివ్వరు.

సాయానికి బావమరిది వచ్చాడు. ఇంజనీరింగ్ చదివినవాడు, చొక్కా నలగనివాడు.

"బానెట్‌కు ఆరు పూతలు మైనం రాశాను. నేను ఫైబర్‌గ్లాసు చాప కత్తిరించుకొస్తా. నువ్వు దుమ్ము పడకుండా చూడు" అని వెల్డరు లోపలికి వెళ్లాడు.

చదువుకున్నవాడికి ఇంకా విడమరిచి చెప్పాలా? బానెట్ జిడ్డుగా ఉందని బావమరిది సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. చేసిన పని చెప్పుకోవడం గొప్పవాళ్ల లక్షణం కాదు గనక చెప్పలేదు.

రెసిన్ జిగురు పూసి, చాప పరిచి, మళ్లీ పూశారు. బానెట్ పొగలు కక్కసాగింది.

"గట్టిపడే మందు ఎంత కలిపావురా?"

"రెట్టింపు పోశా బావా. సగం టైములో అయిపోద్దని."

అయిపోయింది. అచ్చు రాయిలా బిగిసింది. లాగితే రాలేదు, చెక్క మేకులు దిగ్గొట్టినా రాలేదు, వేడినీళ్లు పోసినా రాలేదు.

"మైనం ఉండగా అంటుకోకూడదే, రాకపోవడమేంటి?"

"మైనమంటే ఆ జిడ్డేనా? అంతా కడిగేశాగా!"

వెల్డరు అతని వైపు కాసేపు చూశాడు. పెళ్లాం తమ్ముడు గనక చూపుతోనే సరిపెట్టాడు.

పొగ చూసి భార్య వచ్చింది. "ఏంటండీ, కారుకు కట్టు కట్టారా?"

"కంగారు పడకు. ఫైబర్‌గ్లాసు నా మాట వింటుంది."

"మీ మాట వినేది ఇంట్లో అదొక్కటే. ఉండండి, నాన్నని నేను ఆపుతా" అంటూ ఆమె ఫోన్ చేసింది. "నాన్నా, మెల్లగా రా. తొందరేం లేదు. కారుకేమీ కాలేదు."

ఐదు నిమిషాల్లో మామగారు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. ఆయన పరుగెత్తడం కన్నబిడ్డలు చూడటం అదే మొదటిసారి.

"ముట్టుకోకండి!" అని ఆయన అరవడమూ, వెల్డరూ బావమరిదీ చెరో అంచు పట్టి లాగడమూ ఒకేసారి జరిగాయి. అచ్చు ఫెళ్లున ఊడింది, బానెట్ మీది రంగునంతా వెంటబెట్టుకుని. రంగు కింద ఉండాల్సిన రేకు, మధ్యలో కంచమంత మేర లేదు. దాని చోట బూడిదరంగు లప్పం, లప్పంలోంచి తొంగిచూస్తున్న గ్లాసు చాప నేత. వెల్డరు వేలి కణుపుతో కొట్టి చూశాడు. అంచున ఖంగుమంది, మధ్యలో దబ్బుమంది.

"మామయ్యా, ఇది ఫైబర్‌గ్లాసు. ఎవరు వేశారో గానీ పూత సమంగా లేదు."

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఎప్పుడో... మన గేటు అడ్డొచ్చింది."

"గేటును పాలబండి గుద్దిందన్నావు కదా నాన్నా? అందుకేగా పాలాయన్ని మాన్పించావు!" అంది కూతురు.

ఆయన చెమట తుడుచుకున్నారు. కూతురి వైపు చూడకుండా, "అల్లుడూ, సాయంత్రానికి రంగు పడుతుందా?" అన్నారు.

"పడుతుంది మామయ్యా. షెడ్డు ఉండాలి గానీ."

"షెడ్డెక్కడికి పోతుందయ్యా!"

ఎక్కడికీ పోలేదు. ఆ అచ్చు బండికి పనికిరాలేదు గానీ, వెల్డరు దాన్ని షెడ్డు గోడకు తగిలించాడు, మామగారి రంగు బయటికి కనబడేలా.