రాజుగారి మరణంపై తీర్మానం

నాటకాన్ని చదవడం వేరు, నాటకంలో పాసవడం వేరు అన్న సత్యాన్ని బెంజ్ సర్కిల్ దగ్గరి శ్రీ విద్యాకల్పవల్లి అటానమస్ డిగ్రీ కళాశాల తక్కిన ప్రపంచం కంటే చాలా ముందే కనిపెట్టింది. ఈ రెండూ కలిస్తే విద్యార్థి భవిష్యత్తుకు ప్రమాదమని గ్రహించి, వాటిని విడివిడిగా ఉంచడానికి ఒక అధికారిని కూడా నియమించింది. ఆయన హోదా మూలగ్రంథ సంపర్క నియంత్రణాధికారి. పేరు అచ్యుతరామారావు గారు. ఇంగ్లీషు శాఖకు అధిపతి కూడా ఆయనే.

బీఏ ఇంగ్లీషు ఆఖరి ఏడాదిలో ఒక నాటకం ఉంది. ఎలిజబెత్ రాణి కాలం నాటిది. ఇంగ్లండు రాజు ఒకాయన పక్క రాజ్యం కూడా తనదేనని సముద్రం దాటి వెళ్లి యుద్ధం చేస్తాడు. ఆ పుస్తకం లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉంటుంది. తాళంచెవి అచ్యుతరామారావు గారి దగ్గర ఉంటుంది (ఎవరైనా చదివేస్తారేమోనని). విద్యార్థులు చదివేది వన్ టౌన్‌లో అచ్చయ్యే గైడు. గైడు ప్రకారం రాజు నాలుగో అంకంలో యుద్ధభూమిలో కన్నుమూస్తాడు. ఐదో అంకంలో పక్క రాజ్యపు రాకుమారిని పెళ్లి చేసుకుంటాడు. ఈ మధ్యలో ఏం జరిగిందన్నది సిలబస్‌లో లేదు.

కొత్తగా గెస్ట్ లెక్చరర్‌గా చేరిన శ్రీలలితకు ఈ ఏర్పాట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఆమె ఫోన్‌లో నాటకం దింపుకుని, క్లాసులో మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. విద్యార్థులు కొన్నాళ్లు ఓపిక పట్టారు. "ఇంపార్టెంట్స్ చెప్పండి మేడమ్" అని మర్యాదగా అడిగి చూశారు. తర్వాత ఒక్కొక్కరే క్యాంటీన్‌కు తరలిపోయారు. చివరికి మొదటి బెంచీలో రుచిత ఒక్కతే మిగిలింది.

రుచిత ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించే హనుమయ్య కూతురు. ఆ పిల్ల నాటకాన్ని వినేది కాదు, దానితో పోట్లాడేది.

"మేడమ్, ఈ రాజు స్పీచ్‌లు బాగా ఇస్తున్నాడండీ. కానీ పొలం పనులు వదిలేసి ఈయన వెనకాల వచ్చినోళ్లని ఒక్కసారి కూడా మీకు రావాలని ఉందా అని అడగడేంటండీ?"

శ్రీలలిత ఆ ప్రశ్నను బోర్డు మీద రాసింది. ఆ వేళ బస్సులో నిలబడి ఇంటికి వెళుతున్నంతసేపూ ఆమెకు కాళ్లు నొప్పి పుట్టలేదు. తాను ఈ ఉద్యోగంలోకి ఎందుకు వచ్చిందో చాలాకాలం తర్వాత గుర్తొచ్చింది.

పరీక్షలో ప్రశ్న వచ్చింది: 'రాజు మరణ సన్నివేశాన్ని వర్ణించుము.' క్యాంటీన్‌లో గైడు చదివినవాళ్లందరూ వర్ణించారు. రుచిత మాత్రం, రాజు చనిపోలేదనీ, యుద్ధం గెలిచాడనీ, చనిపోయింది సిపాయిలేననీ రాసింది. సున్నా పడింది. పేపరు పోయింది.

మర్నాడే హనుమయ్య కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు.

"మేడమ్ గారూ, ఆ రాజు మనకేమన్నా చుట్టమాండీ? చచ్చాడని రాసేస్తే పోయేదానికి ఇంత రభసెందుకు? పిల్లకి బీఈడీ సీటొచ్చింది. ఈ పేపర్ పాసవకపోతే అది కాస్తా పోద్ది."

"ఆయన బతికే ఉన్నాడు నాన్నా. నేను చదివాను" అంది రుచిత.

"ఉండనియ్యమ్మా. మనం రాసినంత మాత్రాన పోతాడా ఏంటి?"

శ్రీలలిత రుచిత ముఖం చూసి, "నేను మాట్లాడతానండీ" అంది. వెంటనే రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టించింది.

దరఖాస్తుపై విచారణ సంఘం సమావేశమైంది. అధ్యక్షులు అచ్యుతరామారావు గారు. సభ్యులు ఇంగ్లీషు శాఖ అధ్యాపకులు. అందరూ ఈ కళాశాల పూర్వ విద్యార్థులే.

"నాటకం మీరు చదివారటగా?" అన్నారు అధ్యక్షులు, నొప్పించకుండా అడగాలన్న జాగ్రత్తతో.

"చదివానండీ."

"మొత్తమా?"

"మొత్తం చదివానండీ."

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎవరి పర్మిషన్‌తో?" అన్నారు ఒకరు.

శ్రీలలిత ఫోన్ తీసి నాలుగో అంకం చివరి పేజీ చూపించబోయింది. అచ్యుతరామారావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. చూస్తే అధికారికంగా చూసినట్టవుతుంది (అది ఆయన హోదాకు విరుద్ధం).

"చూడమ్మా శ్రీలలితా, రాజు గెలిచాడనే అనుకుందాం. గెలిస్తే, ఇన్నేళ్లుగా చనిపోయాడని రాసి పాసైన వాళ్లందరి డిగ్రీల గతేంటి? ఇదిగో, ఇక్కడ కూర్చున్న మా గతేంటి? నాకు గోల్డ్ మెడల్ వచ్చింది ఆ మరణం మీద రాసిన వ్యాసానికే. ఇప్పుడాయన లేచి కూర్చుంటే ఎంతమంది కొంపలు మునుగుతాయో ఆలోచించావా?"

"నిజం అదే కదండీ" అంది శ్రీలలిత. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది.

"కాదని నేననడం లేదుగా. నీ రెన్యువల్ ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది. దాన్ని కూడా నేనేం అనడం లేదు."

తర్వాత తీర్మానం చదివారు. సదరు రాజు ఈ కళాశాల పరిధిలో నాలుగో అంకమున మరణించినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కళాశాల ఆవరణ వెలుపల ఆయన ఆరోగ్య పరిస్థితితో యాజమాన్యానికి సంబంధము లేదు. విద్యార్థిని సప్లిమెంటరీ రాసుకోవచ్చును.

చనిపోయిన వ్యక్తి రాజు కనుక సభ్యుల్లో ఒకరు సంతాపం ప్రతిపాదించారు. అందరూ లేచి తలలు వంచి మౌనం పాటించారు. శ్రీలలిత కూడా లేచింది (ఒక్కతే కూర్చుంటే బాగుండదు).

బయట వరండాలో రుచిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఏమన్నారండీ?"

"చనిపోయాడు" అంది శ్రీలలిత.

రుచిత ఆమె కళ్లలోకి చూసింది. కోప్పడలేదు. "మీరు కూడా ఒప్పుకున్నారా మేడమ్?" అని మాత్రం అడిగింది. శ్రీలలిత హ్యాండ్‌బ్యాగ్‌లో బస్ పాస్ కోసం వెతుక్కుంది. అది చేతిలోనే ఉంది.

సప్లిమెంటరీలో మళ్లీ అదే ప్రశ్న ఇచ్చారు. ఆ పేపరు దిద్దే పని కళాశాల వాళ్లు శ్రీలలితకే అప్పగించారు. ఆమె మీద నమ్మకం కుదిరిందట.

పేరు కనపడకుండా మడిచి కుట్టినా ఆ చేతిరాత ఎవరిదో ఆమెకు తెలిసింది. రుచిత రాజును చంపింది. గైడులో ఉన్నట్టు రెండు ముక్కల్లో కాదు, నిదానంగా, రెండు పేజీల్లో చంపింది. బాణం తగిలిన రాజు బురదలో పడి మంచినీళ్లు అడుగుతాడు. చుట్టూ ప్రభువులు ఎవరూ లేరు. నారు పోసిన మర్నాడే పొలం వదిలేసి యుద్ధానికి వచ్చిన ఒక సిపాయి వెతికి వెతికి దోసిలితో నీళ్లు తెచ్చి పోస్తాడు. "నీకు రావాలని ఉందా అని నిన్నెప్పుడూ అడగలేదు కదూ" అంటాడు రాజు. "లేదండీ" అంటాడు సిపాయి. "నీ పేరేంటి?" అంటాడు రాజు. సిపాయి చెప్పేలోగా ప్రాణం పోతుంది.

శ్రీలలిత ఎర్ర పెన్ను పక్కన పెట్టి చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. పదికి పది వేసింది. అచ్యుతరామారావు గారు ఆ జవాబును మెచ్చుకుని, అది గైడుకు చాలా దగ్గరగా ఉందన్నారు. శ్రీలలితకు రెన్యువల్ వచ్చింది. రుచితకు సీటు దక్కింది.

నాటకంలో లేని ఆ సన్నివేశం నాటకం కంటే బాగుందని శ్రీలలితకు అనిపించింది. ఆ మాట ఎవరితోనైనా అనాలని ఉండేది. కానీ ఆ కాలేజీలో నాటకం చదివినవాళ్లు ఇద్దరే. అందులో ఒకరు పాసై వెళ్లిపోయారు.